లెక్కకొచ్చిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు మేము మిరప చేనులో ఉన్నాం. గట్టు మీద నుంచి ఒకామె కేక వేసి చెప్పింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. కాయలు కోస్తున్న ఆడవాళ్ళం నడుములు ఎత్తి నిలబడ్డాం.

"అయ్యో, బడి మూసిన మనిషి పాయెనా" అన్నది మాలో ఒకామె.

పక్క సాలులో ఉన్నామెకు కోపం వచ్చింది. "మూసిందా? అన్నేండ్లు దాన్ని మూయనియ్యకుంట పట్టుకున్నది ఎవ్వరే మరి? నీ మొగడా?"

"నా మొగన్ని ఎందుకు తెస్తవే నడిమిట్ల! ఆఖరికి మంచం అడ్డమేసి పిల్లల్ని ఎల్లగొట్టింది ఎవ్వరో నువ్వే జెప్పు."

ఇద్దరూ అక్కడే, ఒడిలో మిరపకాయలతో, చాలాసేపు వాదులాడుకున్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. నన్ను కూడా అడిగారు. నేను ఆ బడిలో వంట చేసినదాన్ని, ఆమెకు దగ్గరగా మెలిగినదాన్ని. నేనేదో తీర్పు చెబుతానని వాళ్ళు ఎదురుచూశారు. నా దగ్గర తీర్పు లేదు. అప్పుడూ లేదు, ఇది రాస్తున్నప్పుడూ లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. ఆమెది కాపుల ఇల్లు, మాది ఊరి చివర వాడ. ఊరంతా పెద్దమ్మ అంటే నేనూ అన్నాను. మగవాళ్ళలా చేతులు వెనక్కి కట్టుకుని నడిచేది. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహం చూసేది కాదు, ఆ మనిషి వెనకాల ఎవరు వస్తున్నారో చూసేది. పొగాకు నములుతూ మాట మధ్యలో ఆపేది. మిగతా మాట ఏమిటో మనమే తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే కోపం.

బడి వదిలే వేళకు అరుగు మీదికి వచ్చి కూర్చునేది. ఆ దారిన పోయే ప్రతి పిల్లా ప్రతి పిల్లవాడూ ఆగాల్సిందే. "ఏం జెప్పిండు సార్ ఇయ్యాల?" అని అడిగేది. ఒక్క ముక్కైనా చెప్పకుండా కదలనిచ్చేది కాదు. పిల్లలు చెప్పినవన్నీ పోగేసుకుని సాయంత్రం ఇరుగుపొరుగుకు పంచేది.

"భూమి తిరుగుతదంటనే! నేను ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న, పొద్దుగాల లేస్తే తల తిరుగుతుందని. ఎవ్వరన్న ఇన్నరా?"

ఆమె బడికి పోయిన మనిషి కాదు. బడి అంటే ఆమె లెక్కలో బోరుబావి లాంటిది. "నడుస్తనే ఉండాలె. నాలుగు రోజులు ఇడిసిపెడితే పూడుకపోతది. మళ్ల ఎంత ఏడ్సినా నీళ్ళు రావు" అనేది. ఊరి బడి ఊరిలోనే నిలవాలి. ఆమె పట్టు అంతే. అందులో ఎందుకు, ఏమిటి అన్న ప్రశ్న ఆమెకు లేదు.

మా బడి రెండు గదులు, ఒక వరండా. కాపుల ఇండ్లు అయిపోయి వాడ మొదలయ్యే చోట ఉంటుంది. నాకు అందులో మధ్యాహ్నం వంట చేసే పని దొరికిన మొదటి రోజుల్లో కాపుల పిల్లలు తినేవాళ్ళు కాదు. గంట కొట్టగానే ఇండ్లకు పోయి తిని వచ్చేవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు, అందరికీ తెలుసు. వండిన పప్పు మిగిలిపోయేది. సారు తల దించుకుని పుస్తకాలు సర్దుకునేవాడు.

ఒకరోజు పెద్దమ్మ ఇంటి నుంచి తన కంచం తెచ్చుకుని వచ్చింది.

"ఏం వండినవే?"

"పప్పు, అన్నం పెద్దమ్మా."

"ఎయ్యి."

"నాతోని ఏపిచ్చుకుంటవా?" అని అడిగాను.

"మరి నా కోడలొచ్చి ఎయ్యాల్నా? ఎయ్యే పిల్లా, ఎండ గొడ్తుంది."

వరండా నడిమధ్య, దారిన పోయేవాళ్ళందరికీ కనబడేటట్టు నిలబడి తిన్నది. చెయ్యి కడుక్కుని, "ఉప్పు తక్కువైంది" అన్నది. తక్కువ కాలేదు. మర్నాడు మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే మాట. ఆ తర్వాత రోజూ అంతే. ఒకసారి నాకు ఒళ్ళు మండి ఆమె కంచంలో పప్పు మీద గుప్పెడు ఉప్పు వేశాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా మొత్తం తిని, "తక్కువనే ఉంది" అని పోయింది. పిల్లలు పడిపడి నవ్వారు. అప్పటికే కాపుల పిల్లలు మా పిల్లల పక్కన వరుసలో కూర్చుని తింటున్నారు. పెద్దమ్మ తిన్న అన్నాన్ని కాదనే ధైర్యం ఊరిలో ఎవరికీ లేదు.

అదే పెద్దమ్మ ఇంటికి నేను ఏదైనా పనికి పోయి దాహం అడిగితే, చెంబు ఎత్తి పైనుంచి దోసిట్లో పోసేది. బడిలో నా చేతి అన్నం తినే మనిషే. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఆడ తింటవు, ఈడ ఇట్ల వోస్తవు. ఇదేంది పెద్దమ్మా?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. చెంబు కింద పెట్టి కొంచెంసేపు పొగాకు నమిలింది. "బడి అందరిది పిల్లా. ఇల్లు నా ఒక్కదాన్ది గాదు" అన్నది. ఆ మాట నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. కానీ అందులో అబద్ధం లేదని మాత్రం నెమ్మదిగా తెలిసింది.

గద్వాల నుంచి ప్రైవేటు బడి వ్యాను మా ఊరికి రావడం మొదలైన ఏడాది బడి సగం ఖాళీ అయింది. టై కట్టుకుని, బూట్లు వేసుకుని పిల్లలు వ్యాను ఎక్కుతుంటే తల్లిదండ్రులకు ముచ్చట. మిగిలిన పిల్లలు చాలకపోతే బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారని సారు చెప్పాడు. అప్పుడు చావడి దగ్గర ఊరంతా కూర్చుని వ్యాను ఊళ్ళోకి రాకూడదని తీర్మానం చేసింది. డప్పు కొట్టి చాటించారు కూడా. కానీ తీర్మానం చేసిన వాళ్ళే మర్నాడు పిల్లలను పట్టుకుని ఊరి బయట వ్యాను కోసం నిలబడ్డారు.

పెద్దమ్మ నులక మంచం ఎత్తించుకుని వచ్చి దారికి అడ్డంగా వేయించి దాని మీద కూర్చుంది.

"అవ్వా, జర మంచం జరుపు. పిల్లలకు టైమైతుంది" అన్నాడు డ్రైవరు.

"ఏ పిల్లలకు? మా పిల్లలు బడిల కూసున్నరు. నువ్వు ఎవ్వరి పిల్లల కోసం వచ్చినవో ఆ ఊరికి పో."

"రోడ్డు మీద మంచమేస్తే కేసయితది అవ్వా."

"అయితే పోలీసులను పిలువు. వాళ్ళను గూడ దీని మీదనే కూసోబెడ్త. మంచం ఎడల్పుగనే ఉంది."

డ్రైవరుకే నవ్వు వచ్చింది. వ్యాను వెనక్కి తిప్పుకుని పోయాడు. ఆమె రోజూ పొద్దున అక్కడే. వాన వస్తే యూరియా సంచి నెత్తిన కప్పుకుని కూర్చునేది. పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చిన వాళ్ళు ఆమెను చూసి, ఏదో మరచిపోయినట్టు వెనక్కి తిరిగేవాళ్ళు.

ఆమె దేవత కాదు. విత్తనపత్తి క్రాసింగ్ కాలం వస్తే ఆమె కూడా అందరిలాంటి రైతే. మా దిక్కు ఆ పని గురించి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మొగ్గలు విప్పి మగభాగం తీసెయ్యాలి, తెల్లారి మగపువ్వు పుప్పొడి తెచ్చి అద్దాలి. చిన్న వేళ్ళకు ఆ పని బాగా వస్తుంది. ఆమె తన మనవరాలిని చేనుకు తీసుకుపోయింది. సారు అడగడానికి వచ్చాడు. "వ్యానును ఆపే చేతితోనే పిల్లను ఆపుతున్నావు పెద్దమ్మా" అన్నాడు. "బడి ఏడికి పోదు సారూ. పువ్వు పొద్దెక్కితే వాలిపోతది" అన్నది. పైగా క్రాసింగ్ అయ్యేదాకా బడి కొంచెం ఆలస్యంగా తెరవకూడదా అని ఆయననే అడిగింది.

అయినా పిల్లలు చాలడం లేదు. ఎంతమంది ఉన్నారో చూడటానికి మండలం ఆఫీసు నుంచి పెద్ద సారు వస్తున్నాడని తెలిసింది. మా సారు మొహం పీక్కుపోయింది.

"మంది గావాల్నా సారూ? మంది నేను తెస్త" అన్నది పెద్దమ్మ.

ఆ పొద్దున ఇల్లిల్లూ తిరిగింది. ఇటు కాపుల కోడళ్ళను, అటు వాడ ఆడవాళ్ళను, చంకలో పిల్లలున్న వాళ్ళను కూడా లేపుకొచ్చింది. పిల్లల వెనకాల వరుసగా కూర్చోబెట్టింది. వంట వదిలేసి నేనూ కూర్చున్నాను. ఆ గదిలోకి వచ్చిన పెద్ద సారు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వీళ్ళెవరు?" అని మా సారును అడిగాడు. సారు హాజరు పుస్తకం తిరగేశాడు.

"సదువుకునేటోళ్ళు" అన్నది పెద్దమ్మ.

"ఈ వయసులోనా?"

"మా చిన్నప్పుడు బడి లేకుండె. ఇప్పుడుంది. వచ్చినం. తప్పా?"

పెద్ద సారు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "మరి మీ పలక ఏదమ్మా?"

"నేను లెక్కకొచ్చిన సారూ. సదువుకు గాదు."

గది గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆడవాళ్ళను లెక్కలో రాయడం కుదరదని చెప్పాడు. కానీ ఆ నవ్వు ఆయనలో ఏం చేసిందో ఏమో, బడి కలపలేదు. తర్వాత కొన్ని నెలలకు మా బడికి ఇంకో టీచరమ్మ వచ్చింది.

ఆయన జీపు పోగానే మేము లేవబోయాం. "రేపు గూడ రాండ్రి. ఆ సారు మళ్ల వస్తే?" అన్నది పెద్దమ్మ. ఆయన మళ్ళీ రాలేదు, మేము మాత్రం పోయాం. వంట అయ్యాక, చేను పని లేని రోజుల్లో. ఊరికే కూర్చున్న మమ్మల్ని చూసి సారుకు జాలి వేసిందో విసుగు పుట్టిందో, ఒకరోజు బోర్డు మీద అక్షరాలు రాసి దిద్దమన్నాడు. నెత్తి మీద అక్కడక్కడా వెంట్రుకలు తెల్లబడ్డాక నాకు అక్షరాలు వచ్చాయి. నా పక్కన కూర్చుని దిద్దిన ఆమె కాపుల కోడలు. ఆమెకు ఒత్తులు వచ్చేవి కావు, నాకు దీర్ఘాలు వచ్చేవి కావు. ఒకరి పలక ఒకరం చూసుకునేవాళ్ళం.

పెద్దమ్మ రోజూ వచ్చి ముందు కూర్చునేది. పలక మాత్రం పట్టలేదు. ఒక్క అక్షరమైనా నేర్చుకోమని టీచరమ్మ బతిమాలేది. "మీరు నేర్పుండ్రి. నేను మందిని సూస్త" అనేది.

అవి మంచి ఏండ్లు. పిల్లలు తిరిగి వచ్చారు, వ్యాను ఊరి దారి మరచిపోయింది. బడి మీటింగుకు తల్లులందరం ఒకే చాప మీద కూర్చునేవాళ్ళం. మా వాడలో ఒక పిల్లకు జ్వరం ముదిరితే, కాపుల కోడలు తన మొగుడి బండి మీద కూర్చోబెట్టుకుని గద్వాలకు తీసుకుపోయింది. ఆ పిల్ల ఆమె కూతురి పక్కన కూర్చునే పిల్ల. పెండ్లి భోజనాలు, పుట్టినరోజు భోజనాలు కూడా బడి ఆవరణలోనే పెట్టడం మొదలుపెట్టారు, జాగా ఉంటుందని. అది బడి కాబట్టి పిల్లలు తినే పద్ధతిలోనే అందరం ఒకే వరుసలో కూర్చున్నాం. దీన్ని ఎవరూ తీర్మానం చేయలేదు. డప్పు కొట్టించలేదు. అలా జరిగిపోయింది. నా పెద్దపిల్ల ఆ ఏండ్లలోనే బడిలో చేరింది.

తర్వాత టీచరమ్మకు బదిలీ అయింది. ఆమె స్థానంలో ఎవరూ రాలేదు. సారును ఆఫీసు పనికని, ఏదో సర్వేకని పిలిచేవాళ్ళు. వారంలో ఎక్కువ రోజులు నేనే తాళం తీసేదాన్ని. పిల్లలు వచ్చేవాళ్ళు, ఆడుకునేవాళ్ళు, తినేవాళ్ళు, పోయేవాళ్ళు. పెద్దమ్మ ఊరివాళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసుకు తిరిగింది. పంపిస్తామన్నారు. ఆమె మంచం మాత్రం దారి మీదే ఉంది, ఎందుకంటే వ్యాను మళ్ళీ రావడం మొదలుపెట్టింది.

నా పెద్దపిల్ల నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఒక సాయంత్రం పాఠం చదవమన్నాను. చక్కగా చదివింది. పక్కన కూర్చుని ముచ్చటగా వింటూ, నేనూ వేలు పెట్టుకుని వెంట చదువుతున్నాను. నా వేలు ఒక చోట ఉంది, దాని మాట ఇంకో చోట ఉంది. నాకే రావడం లేదేమో అనుకున్నాను. మళ్ళీ చూశాను. అది గోడ వైపు చూస్తూ చెబుతోంది. నడుమ ఒక మాట మీద వేలు పెట్టి, "ఇదేంది?" అని అడిగాను. నా బిడ్డ ఆ మాట చెప్పడానికి పాఠం మొదటి నుంచి అందుకుంది. అక్కడిదాకా వచ్చి ఆగాలని చూసింది, ఆగలేక దాటిపోయింది. ఉప్పు సంచి తెచ్చి దాని మీది పేరు చదవమన్నాను. చదవలేదు. ఏడ్చింది. వాళ్ళ క్లాసులో ఒకడు గట్టిగా చెబుతాడట, మిగతా వాళ్ళు వాడి వెంట అంటారట.

మర్నాడు పొద్దున బిడ్డను తీసుకుని వ్యాను వచ్చే దారికి పోయాను. పైసలు ఎట్లా కడతానో నాకే తెలియదు. మంచం మీద పెద్దమ్మ ఉంది.

"ఏడికే పొద్దుగాల?"

"వ్యానుకు పెద్దమ్మా."

ఆమె లేచి నిలబడింది. "నువ్వా? నువ్వు వోతే ఎనక వాడంత పోతది. వాడ పోతే ఇగ బడేడిది?"

"బడి ఉంది. సార్లేరు. నా పిల్లకు సదువు రాలే."

"ఎవ్వరు జెప్పిండ్రు రాలేదని? మొన్ననే నాకు పాఠం మొత్తం సదివి ఇనిపిచ్చింది. ఏమే, తియ్యి పుస్తకం. మీ అమ్మకు సదువు."

నా బిడ్డ పుస్తకం తెరిచి మొదలుపెట్టింది. పెద్దమ్మ గర్వంగా నావైపు చూసింది. "ఇను. చిలుక లెక్క ఎంత సక్కగ సదువుతుందో."

నేను బిడ్డ చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేశాను. అది ఆగలేదు. ఖాళీ చేతులు అలాగే ముందుకు పెట్టుకుని, అదే గొంతుతో, చివరిదాకా చెప్పింది.

ఆమెకు అక్షరం రాదు. కానీ అది అర్థం కావడానికి అక్షరం అక్కర్లేదు. కూర్చుండిపోయింది. వ్యాను వచ్చి హారన్ కొట్టింది. ఆమె అటు చూడలేదు.

"అందరు గిట్లనేనా?" అని అడిగింది.

"నాకు ఎరుకైన కాడికి అందరు గిట్లనే."

"రోజు ఆపి అడుగుతుంటిని గదనే. ఒక్కొక్కరిని ఆపి..." అన్నది. మిగతా మాట నమిలేసింది. కొంతసేపటికి, "ఇయ్యాలొక్క రోజు తోలకు బిడ్డా. రేపు మాట్లాడుదం" అన్నది. నన్ను బిడ్డా అనడం అదే మొదలు. నేను వెనక్కి వచ్చేశాను.

మర్నాడు మంచం దారి మీద లేదు. బడి గేటుకు అడ్డంగా ఉంది. పిల్లలను ఎవరినీ లోపలికి పోనివ్వడం లేదు. నన్నూ పోనివ్వలేదు. వంట కూడా వద్దన్నది.

"సార్లు లేరని ఎన్నిమాట్ల జెప్పినా ఇనలే. ఎందుకినలే? బడి నడుస్తుందని వాళ్ళు నిమ్మళంగ ఉన్నరు. పిల్లలొస్తున్నరు, బువ్వ దింటున్నరు, ఇగ వాళ్ళకేం పరేషాన్? బంద్ వెడితే ఉరికొస్తరు."

"పిల్లలు లేరని రాసుకపోతే ఎట్ల పెద్దమ్మా?" అన్నాను.

"రాసేటోనికి కండ్లుండవా? ఆ సారు సూడలే? ముసలోళ్ళను కూసోబెడితే గూడ నవ్వి, మంచే చేసిపాయె."

ఊరిలో కొందరు ఆమె వెంట నిలబడ్డారు, కొందరు తిట్టారు. మధ్యాహ్నం బువ్వ లేక మా వాడ పిల్లలు ఆకలికి ఏడ్చారు. ఆమె తన ఇంట్లో వండించి పంపింది. రోజులు గడిచాయి. ఎవరూ ఉరికి రాలేదు. ఆఖరుకు ఒక సారు వచ్చాడు. మునుపటాయన కాదు, వయసులో చిన్నవాడు. మంచం పక్కన సందులోంచి లోపలికి పోయి, రెండు గదులూ ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు.

"పిల్లలేరమ్మా?"

"సార్లేరి?"

"నేను అడిగింది పిల్లల గురించి."

"నేను గూడ పిల్లల గురించే అడుగుతున్న."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. బండెక్కాడు. ఆయన వాదిస్తాడని, కోపపడతాడని ఆమె సిద్ధంగా ఉంది. పిల్లలందరూ గోడ వెనకే ఉన్నారు, పిలిస్తే వచ్చేవాళ్ళు. మాట పెంచుకోకుండా వెళ్ళిపోయే మనిషిని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. "సారూ, పిలుస్తున్న ఆగు, గీడనే ఉన్నరు" అని బండి వెనకాల నాలుగడుగులు వేసింది. చేతులు వెనక్కి కట్టుకోకుండా ఆమె నడవడం నేను అప్పుడే చూశాను.

తర్వాత ఉత్తర్వు వచ్చింది. మా బడిలో పిల్లలు లేరు కాబట్టి పక్క ఊరి బడిలో కలిపారు. బల్లలు, బోర్డు ట్రాక్టరులో ఎక్కిస్తుంటే ఆమె వచ్చి నిలబడింది. అందరూ ఆమె ఏదో గొడవ చేస్తుందనుకున్నారు. "బోర్డు జర మెల్లగ వట్టుండ్రి. పలుగుతది" అని మాత్రం అన్నది.

ఇక ఊరు రెండు దార్లు పట్టింది. కాపుల పిల్లలు వ్యాను ఎక్కారు. మా వాడ పిల్లలు చేల మీదుగా నడిచి పక్క ఊరి బడికి పోయారు. ఆ బడిలో ముగ్గురు సార్లున్నారు. నా పెద్దపిల్ల ఆ ఏడాదే కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నాకంటే బాగా చదువుతుంది, గబగబా చదివి నన్ను వెక్కిరిస్తుంది కూడా. మా ఊరి బడి అలాగే ఉండి ఉంటే దానికి చదువు వచ్చేదో లేదో నాకు తెలియదు. రాకపోయేదేమో. ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది, సంతోషమూ వేస్తుంది. రెంటినీ విడదీయడం నాకు రాదు.

బడి గదుల్లో ఇప్పుడు ఎవరివో పత్తి సంచులున్నాయి. గేటుకు తాళం. నాతో పాటు పలక పట్టిన కాపుల కోడలు దారిలో ఎదురైతే బాగున్నావా అంటుంది, నేను బాగున్నానంటాను. అంతకుమించి మాట్లాడుకోవడానికి మాకు ఇప్పుడు ఒక చోటంటూ లేదు.

పెద్దమ్మ అరుగు మీదికి రావడం మానేసింది. వచ్చినా ఆపి అడగడానికి ఆ దారిన పిల్లలు పోరు. జబ్బు పడ్డదని విని చూడటానికి పోయాను. ఇంటి ముందు పందిరి కింద పడుకుని ఉంది. నన్ను పోల్చుకుని, "నీ పిల్ల సదువుతుందా?" అని అడిగింది.

"సదువుతుంది పెద్దమ్మా."

"పుస్తకం మూసి సూసినవా?"

"సూసిన. మూస్తే ఆగుతుంది."

కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని లేచాను. "కూసో" అన్నది. చాలాసేపు కూర్చున్నాను. తిట్టాలని ఉంటే తిట్టమన్నది. తిట్టాలని నాకు లేదు. మెచ్చుకోవడానికీ నోరు రాలేదు. కాళ్ళు ఒత్తుదామని చెయ్యి చాపాను. ఇంట్లోంచి ఆమె కోడలు చూస్తోంది. పెద్దమ్మ కూడా చూసింది. కాళ్ళు మెల్లగా దుప్పటిలోకి లాక్కుంది. అదే ఆఖరిసారి చూడటం.

మొన్న ఆమె దినాలు చేశారు. ఊరంతటికీ భోజనాలు చెప్పారు, వాడకూ చెప్పారు. బడి ఆవరణకు తాళం ఉంది కదా, వాళ్ళ ఇంటి ముందే షామియానా వేశారు. నేను ఇద్దరు పిల్లలనూ తీసుకుని పోయాను. చిన్నది ఇప్పుడు రెండో తరగతి. అది మా ఊరి బడి మొహం ఎరగదు, మొదటి నుంచీ పక్క ఊరికే నడిచింది.

పెద్దపిల్ల లోపలికి పోతూనే తనతో పాటు చదివిన పిల్లను చూసింది. పోయి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏదో నవ్వుకున్నారు కూడా. వడ్డించే ఆయన వచ్చి, కోపంగా కాదు, మామూలుగానే, "అమ్మా, మీకు గోడ అవుతల వెట్టినం. ఆడికి పో" అన్నాడు. ఆ పక్క పిల్ల తల దించుకుని విస్తరి సర్దుకుంది.

పెద్దది లేచి, నేనూ చిన్నదీ ఉన్న ఆ పొట్టి గోడ ఇవతలికి వచ్చింది. అప్పటికే మా వాడ వాళ్ళంతా అక్కడ వరుసలో కూర్చుని ఉన్నారు. అది నా ముందు నిలబడి, "నేను ఆడ కూసుంటే ఏమాయె అమ్మా? అందరం ఒక్కటే వరుసల తింటుంటిమి గద" అని అడిగింది. దానికి నిజంగా తెలియదు. దానికి తెలిసిన భోజనాలన్నీ బడిలో పెట్టినవే.

చిన్నది అప్పటికే విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తల ఎత్తకుండానే అక్క లంగా అంచు పట్టుకుని కిందికి లాగింది.

"మనది గీడనే అక్కా. కూసో, బువ్వ సల్లారుతుంది."

ఆ మాట దానికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు.